కెటిల్ లోయలో అలికిన ఇల్లు

విలో ఫోర్డ్ జనాభా పందొమ్మిది వందలు. డాక్టరు ఒక్కరే. ఆ డాక్టరు కరుణమ్మ కూతురు నవోమి. వయోమింగ్ రాష్ట్రంలో ఆ ఊరికి ఏ డాక్టరూ రాక క్లినిక్ రెండేళ్ళు మూతబడి ఉంటే, 1980లో ఈమె వచ్చి తెరిచింది. అల్లుడు ఏసుపాదం నూట నలభై మైళ్ళ అవతల కాస్పర్‌లో ఆయిల్ కంపెనీలో ఇంజనీరు. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం సాయంత్రం వెళ్ళిపోతాడు.

కరుణమ్మ బాపట్ల దగ్గర మిషన్ స్కూల్లో ఇరవై తొమ్మిదేళ్ళు పాఠాలు చెప్పి రిటైరయింది. 1982 ఏప్రిల్లో ఆర్నెల్లు ఉండి పోదామని కూతురి దగ్గరికి వచ్చింది. స్కూల్లో దొరసానుల దగ్గర నేర్చుకున్న ఇంగ్లీషు ఆమెకి ఇక్కడ పనికొచ్చింది. ఎదుటివాళ్ళు నెమ్మదిగా మాట్లాడితే చాలు.

నెమ్మదిగా మాట్లాడేవాళ్ళలో ఒర్విల్ ప్రాట్ ఒకడు. వయసు ఎనభై అయిదు. ఊరికి ఇరవై రెండు మైళ్ళ దూరంలో పశువుల రాంచ్. గుండె బలం తగ్గి కాళ్ళు వాస్తున్నాయి. నవోమి గురువారం గురువారం వెళ్ళి చూసి వస్తుంది, తల్లిని కూడా కార్లో ఎక్కించుకుంటుంది. కొడుకు పోయాక రాంచ్ పనంతా ఒర్విల్ కోడలు లొరేన్ చూసుకుంటోంది.

జూన్ పదో తేదీ గురువారం నాడు నవోమి ఆయన కాళ్ళు నొక్కి చూస్తుండగా కరుణమ్మ మాట కలిపింది.

"మీరు పుట్టింది ఈ ఇంట్లోనేనా?"

ఒర్విల్ కిటికీలోంచి చెయ్యి చూపించాడు. మూడు మైళ్ళ అవతల ఎర్ర కొండ ఉంది. దానికి ఒకచోట చీలిక ఉంది.

"అదిగో, ఆ సందు లోపల. కెటిల్ లోయ అంటారు. అక్కడ ఒక దుంగల ఇల్లుంది. రైళ్ళు దోచినవాళ్ళు, బ్యాంకులు దోచినవాళ్ళు, పరాయివాళ్ళ మందల్ని తోలుకొచ్చినవాళ్ళు అక్కడ దాక్కునేవాళ్ళు, మేడమ్. కౌబాయ్‌లే అందరూ. పని ఉన్నన్నాళ్ళు పశువుల్ని కాశారు, పని పోయాక దోచారు. ఆ సందులో ఒకసారికి ఒక్క గుర్రమే పడుతుంది. పైన ఒకడు కూర్చుంటే ముప్ఫై మైళ్ళ వరకు దుమ్ము లేస్తే కనిపిస్తుంది. షెరీఫ్ మనుషులు రెండుసార్లు వచ్చి సందు దగ్గర నిలబడి చూసి వెనక్కి పోయారు."

"చుట్టుపక్కల వాళ్ళు చెప్పలేదా?"

"చెప్పలేదు. వాళ్ళ మందల జోలికి వీళ్ళు పోలేదు. వాళ్ళ కంచెలు కూడా బాగుచేసి పెట్టేవాళ్ళు."

ఆయన తల్లి ఆడా ప్రాట్. 1896 వసంతంలో, పందొమ్మిదేళ్ళప్పుడు, ఆ మనుషుల్లో ఒకడి వెంట మిస్సోరీ నుంచి వచ్చింది. ఆ నవంబర్లో ఒర్విల్ పుట్టాడు. అతనికి అయిదో ఏడు రాకముందే మనుషులు చెల్లాచెదురయ్యారు. తండ్రి ఎటు పోయాడో తెలియదు. ఆడా కొడుకుని తీసుకుని ఊళ్ళోకి వచ్చి ముప్ఫై ఎనిమిదేళ్ళు హోటల్లో బట్టలుతికింది. లోయలో ఎలా బతికిందో ఒక్క మాట చెప్పకుండా పోయింది.

"ఈ కౌంటీ చరిత్ర అని ఒక పుస్తకం వేశారు," అన్నాడు ఒర్విల్. "లోయ గురించి ఆరు పేజీలు. ఎవడి తుపాకీ ఏదో, ఎవడి గుర్రం ఏదో, అన్నీ రాశారు. మా అమ్మ గురించి ఒక్క వాక్యం. 'దొంగలతో ఒక ఆడమనిషి కూడా ఉండేదని చెబుతారు.' అంతే. పేరు లేదు."

నవోమి బీపీ పట్టీ చుట్టి సంచిలో పెట్టింది.

"మూడేళ్ళు ఉత్తరాలు రాశాను. సోమవారం యూనివర్సిటీ నుంచి మనుషులు వస్తున్నారు, ఆ ఇంటిని చూసి రిపోర్టు రాయడానికి. తర్వాత హైవే మీద బోర్డు పెడతారట. ఆ బోర్డు మీద ఏముంటుందో వాళ్ళు చూసినదాన్ని బట్టే. నాకు తెలియాల్సింది ఒక్కటే, మేడమ్. నేను పుట్టింది ఇంట్లోనా, దొంగల బొరియలోనా?"

"ఇప్పుడెవరుంటున్నారు అందులో?"

"ఎలకలు."

"ఎవరూ ఊడవరా?"

లొరేన్ వంటగదిలోంచి నవ్వింది. ఒర్విల్ కూడా నవ్వాడు.

తిరిగి వచ్చేటప్పుడు కార్లో కరుణమ్మ అంది:

"సోమవారం మనుషులొస్తున్నారంట కదే."

"అవునమ్మా, సర్వే చేస్తారు."

"ఆ ఇల్లు చూడాలని ఉందే నాకు."

"శనివారం లొరేన్ అటు ఫెన్స్ చూసుకోవడానికి వెళ్తుందట. అడుగుతాను. నీ మోకాళ్ళు జాగ్రత్త."

శనివారం పది గంటలకి లొరేన్ పికప్‌ని సందు మొదట్లో ఆపింది. అక్కడి నుంచి అర మైలు నడక. కరుణమ్మని ఇంటి దాకా నడిపించి, రెండు శాండ్‌విచ్‌లు, నీళ్ళ క్యాను చేతిలో పెట్టి, "నాలుగింటికి వస్తాను, ఎండ ఎక్కితే లోపల కూర్చోండి" అని కంచె వెంబడి వెళ్ళిపోయింది.

ఇల్లు పద్నాలుగు అడుగుల పొడవు, పన్నెండు అడుగుల వెడల్పు. దుంగల గోడలు, మట్టి కప్పు. తలుపు లేదు. ఒక కిటికీ, ఒక పొయ్యి గూడు. వెనక ఊట, ఊట దగ్గర పద్దెనిమిది ఆవులు.

లోపల మట్టి నేల. కరుణమ్మ గుమ్మంలో నిలబడి ఆ నేలని చూసింది. ఎలకలు తవ్విన కుప్పలు, కప్పులోంచి రాలిన మట్టి, ఎండుటాకులు. గుమ్మం పక్కన పెచ్చు లేచిపోయి ఉంది.

తనకి నలభై ఏళ్ళు వచ్చేదాకా, స్కూలు వాళ్ళు క్వార్టర్స్ ఇచ్చేదాకా, ఆమె ఉన్నది మట్టి నేల ఇంట్లో. శనివారం అలికితే ఆదివారానికి ఆరేది. పాలెంలో చర్చికీ మట్టి నేలే. ఆడవాళ్ళకి వంతులుండేవి. ఆమె వంతు నెలలో రెండో శనివారం. బిషప్పు గారు వస్తున్నారంటే వంతు ఎవరిదైనా అందరూ పోయి అలికేవాళ్ళు.

ఎల్లుండి మనుషులు వస్తున్నారు. పెద్ద చదువులు చదివినవాళ్ళు. ఆ ఇల్లాలి గురించి రాయడానికి వస్తున్నారు. ఇల్లు చూస్తే ఇలా ఉంది. ఇల్లాలు పోయింది. కొడుకు మంచం దిగలేడు. కోడలికి పశువులతోనే సరిపోతుంది. వచ్చినవాళ్ళు గుమ్మంలో నిలబడి ఏమనుకుంటారు?

ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపింది.

మొండి పొదల కొమ్మలు విరిచి చీపురు కట్టింది. ఊడ్చింది. ఊడుస్తుంటే తూటా తొడుగులు తొమ్మిది దొరికాయి, ఒక బొత్తం, సగం దువ్వెన, రేకు మూత ఒకటి. ఎవరి వస్తువులో ఏమో, పారేయకూడదనుకుని కిటికీ అంచు మీద వరసగా పెట్టింది. దుమ్మంతా ఇంటి వెనక ఒకేచోట కుప్ప పోసింది. ఊట దగ్గర ఒక బకెట్ దొరికింది. నాలుగుసార్లు వెళ్ళి పేడ ఎత్తుకొచ్చింది. ఇక్కడి ఆవులు తినేది వేరు, పేడలో మాచిపత్రి లాంటి వాసన వచ్చింది. ఊట గట్టు మీది ఎర్రమట్టి, చేత్తో తుంపిన గడ్డి కలిపి పిసికింది. ఎదురు గోడ దగ్గర మొదలుపెట్టి వెనక్కి జరుగుతూ, అరచెయ్యి అర్ధచంద్రంగా తిప్పుతూ గుమ్మం దాకా వచ్చింది. అయిదు గంటల పని. మధ్యలో రెండుసార్లు మాత్రమే లేచింది.

గుమ్మం దగ్గర మూడు జానల మేర మిగిలిపోయింది. పేడ చాలలేదు. బకెట్ తీసుకుని లేవబోతుండగా కింద నుంచి లొరేన్ ఈల వినిపించింది. పెచ్చు లేచినచోటు కూడా అక్కడే. దాని అంచు పొరలు పొరలుగా ఉంది. చీర కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ వేలితో లెక్కపెట్టింది. పన్నెండు.

"లోపలికి రావద్దు, తడిగా ఉంది," అంది లొరేన్‌తో.

"ఏం చేశారు?"

"శుభ్రం చేశాను."

"మంచిది," అంది లొరేన్. ఆమె తెల్లవారుజామున నాలుగింటికి లేచిన మనిషి, లోపలికి తొంగి చూడలేదు.

ఆదివారం ఊళ్ళో బాప్టిస్టు చర్చికి వెళ్ళొచ్చాక ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. ఏసుపాదం అత్తగారి మోచేతి మీద గీత చూశాడు.

"అత్తయ్య గారూ, చెయ్యి కొట్టుకుపోయిందేంటండీ?"

"నిన్న ఒర్విల్ గారి ఇల్లు అలికాను బాబూ. గోడ గీరుకుంది."

నవోమి చెంచా కింద పెట్టింది. "ఏ ఇల్లు?"

"కొండలోది. ఊడ్చి అలికాను. మూడు జానలు మిగిలిపోయింది, పేడ చాల్లేదు."

"పేడతోనా?"

"మరి దేంతో అలుకుతారే?"

ఏసుపాదం నవ్వు ఆపుకోలేకపోయాడు. "అత్తయ్య గారూ, అమెరికాలో కౌబాయ్ దొంగల కొంప అలికిన మొదటి తెలుగు మనిషి మీరేనండీ. బోర్డు మీద మీ పేరే వేస్తారు."

"ఏసూ, నవ్వకు," అంది నవోమి. తల్లి వైపు తిరిగింది. "అమ్మా, వాళ్ళు చూడ్డానికి వచ్చేది ఆ నేలనే. ఏ వస్తువు ఎక్కడుంది, దేని కింద ఏముంది, అది చూసే కదా ఎవరున్నారో చెప్పేది. అది వాళ్ళకి కేస్ షీట్ అమ్మా. నువ్వు దాన్ని కడిగేశావు."

కరుణమ్మ కూతురి ముఖం చూసింది. అల్లుడి ముఖం చూసింది. అల్లుడు నవ్వడం మానేశాడు.

"ముందే చెప్పొద్దా మరి?"

"నువ్వు కొండ మీదికెళ్ళి పేడ ఎత్తుకొచ్చి అలుకుతావని ఎవరనుకుంటారమ్మా?"

కరుణమ్మ ప్లేటు జరిపేసింది. కాసేపటికి నవోమి ఫోన్ దగ్గరికి వెళ్తుంటే ఆపింది.

"ఫోన్లో వద్దు. పొద్దున్న నేనే చెబుతాను. ఆయన ముందు కూర్చుని చెబుతాను."

సోమవారం ఎనిమిదింటికి ఒర్విల్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, టోపీ ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చుని ఉన్నాడు. లోయకి వెళ్ళొద్దని నెల కిందట నవోమి చెప్పింది. సర్వే రోజు మాత్రం క్లినిక్‌కి పూట సెలవు పెట్టి తనూ వస్తానని, ఆయన్ని గుర్రం మీద కూర్చోబెట్టి నెమ్మదిగా నడిపించేట్టయితే ఒప్పుకుంటానని అంది.

కరుణమ్మ ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుంది. ఏం చేసిందో చెప్పింది. ఊడ్చిన సంగతి, కిటికీ అంచు మీద పెట్టిన వస్తువులు, పేడ, మట్టి, గడ్డి, ఏదీ దాచకుండా వరసగా చెప్పింది. మా దేశంలో మనుషులు వస్తున్నారంటే ఇల్లు అలుకుతాము, అది మర్యాద, అంది. తెలియక చేశాను, అంది.

లొరేన్ తలుపు పట్టుకుని నిలబడిపోయింది.

ఒర్విల్ చాలాసేపు కొండవైపే చూశాడు.

"మూడేళ్ళు, మేడమ్," అన్నాడు.

టోపీ పెట్టుకుని కర్ర కోసం చెయ్యి చాపాడు. సందు దాకా పికప్‌లో వెళ్ళాక, ముందే అక్కడ కట్టి ఉంచిన ముసలి గుర్రం మీద లొరేన్ ఆయన్ని కూర్చోబెట్టి కళ్ళెం పట్టుకుంది. నవోమి పక్కన నడిచింది. ప్రతి పది నిమిషాలకీ ఆపి నాడి చూసింది. కరుణమ్మ వెనక నడిచింది. సందులో ఆమెకి ఆయన వీపు తప్ప ఏమీ కనిపించలేదు. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

యూనివర్సిటీ నుంచి వచ్చినామె డాక్టర్ హేల్. నలభై దాటిన మనిషి, మోకాళ్ళకి తోలు తొడుగులు కట్టుకుంది. ఒంటరిగా వచ్చింది. వీళ్ళు వచ్చేసరికి గుమ్మంలో నిలబడి ఉంది. లోపలికి అడుగు పెట్టలేదు.

నేల ఆరింది. ఎండ కిటికీలోంచి పడుతోంది. అరచేతి అర్ధచంద్రాలు గోడ నుంచి గోడకి వరసలు కట్టి కనిపిస్తున్నాయి.

"ఎవరు చేశారిది?" అంది హేల్.

"నేనే," అంది కరుణమ్మ.

"ఎప్పుడు?"

"శనివారం. పదిన్నరకి మొదలుపెట్టి నాలుగింటికి ఆపాను."

హేల్ బయటికి వచ్చి రాయి మీద కూర్చుని ఫ్లాస్కులోంచి కాఫీ పోసుకుంది. తాగలేదు. కప్పు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. తర్వాత నోట్‌బుక్ తీసింది. ఏది ఎక్కడ దొరికిందో గుర్తుందా అని అడిగింది.

కరుణమ్మ చెప్పింది. దువ్వెన కిటికీ కింద. బొత్తం ఎడమ గోడ దగ్గర. తూటా తొడుగుల్లో ఆరు పొయ్యి పక్కన, మిగతా మూడు ఎక్కడో గుర్తు లేదు. గుర్తు లేనిచోట గుర్తు లేదనే చెప్పింది. హేల్ తలెత్తి ఆమెని చూసి మళ్ళీ రాసుకుంది.

"గుమ్మం దగ్గర మూడు జానలు అలకలేదు," అంది కరుణమ్మ. "అక్కడ పాత నేల ఉంది. పన్నెండుసార్లు అలికారు."

"ఏం చేశారు?"

"పన్నెండుసార్లు. పెచ్చు లేచింది చూడండి. పొరలున్నాయి. పేడ కాదు. బూడిద, బంకమట్టి, ఇంకేదో నల్లగా ఉంది, అదేంటో నాకు తెలియదు."

హేల్ కాఫీ పారబోసి లేచింది. గుమ్మం బయట బోర్లా పడుకుని, భూతద్దం పెట్టి, సన్నటి కత్తితో పెచ్చు అంచు గీరింది. నలభై నిమిషాలు పట్టింది. ఒర్విల్ జీను దుప్పటి పరిపించుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాడు. అయిదో పొరకీ ఆరో పొరకీ మధ్య ఒక తూటా తొడుగు అణిగి ఉంది. దాని అడుగున అచ్చు అక్షరాలు చదివి, ఆ రకం 1890ల్లో అమ్మారని చెప్పింది హేల్.

"పన్నెండే," అంది లేచి కూర్చుంటూ. "నలుపు బహుశా ఎద్దు రక్తం. ఆ రోజుల్లో మట్టి నేల గట్టిపడటానికి కలిపేవాళ్ళు. లాబ్‌లో చూడాలి."

"ఎద్దు ఎవరిదో లాబ్‌లో తేలదు కదా?" అన్నాడు ఒర్విల్. లోయలోకి వచ్చాక ఆయన మాట్లాడటం అదే మొదలు.

లొరేన్ నవ్వింది. హేల్ కూడా నవ్వింది, కానీ వెంటనే తల అడ్డంగా ఊపింది.

"మిస్టర్ ప్రాట్, ఉన్నదున్నట్టు చెబుతాను. ఇది గుమ్మం. రోజూ బూట్లు తొక్కే చోటు. గుంటలు పడితే మగవాళ్ళయినా మట్టి పూస్తారు. దాక్కునేవాళ్ళయినా పూస్తారు, బురదలో నడవలేక. దీన్ని బట్టి మనుషులు ఉన్నారని రాయగలను. సంసారం ఉందని రాయలేను."

ఒర్విల్ టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నవోమి వంగి ఆయన నాడి చూసింది.

కరుణమ్మ హేల్ మాటలు రెండోసారి చెప్పించుకుంది. అర్థమయ్యాక ఇంటి లోపలికి చూసింది.

"మూల చూడండి," అంది.

"ఏ మూల?"

"మంచం ఉన్న మూల. ఎడమ గోడ ఆరడుగుల మేర నునుపుగా ఉంది, ఒళ్ళు రాసుకుని. మంచం అక్కడే వేసేవాళ్ళు. దాని కింద మూల ఎవరికీ కనిపించదు. ఎవరూ తొక్కరు. అరగదు. నడవటానికి పూసేవాడు మూల దాకా పోడు. ఇల్లు అనుకున్న మనిషి మాత్రమే మంచం కింద దూరి మూల అలుకుతుంది."

"మూల మీద మీరు అలికేశారు కదా."

"నేను తీస్తాను. పాత నేలని సరిగా తడపలేదు, అన్ని నీళ్ళు మొయ్యలేక. అతుక్కుని ఉండదు."

హేల్ ఆలోచించింది. చివరికి తన పరికరం ఒకటి ఆమె చేతిలో పెట్టి, ఎంత మేర, ఎంత లోతు, చూపించింది. కరుణమ్మ చెప్పులు విడిచి లోపలికి వెళ్ళి మూలలో మోకాళ్ళ మీద కూర్చుంది. శనివారం ఆ మూల నుంచే మొదలుపెట్టింది. అంచు దగ్గర పరికరం దూర్చి అరచెయ్యి ఆనించి లేపింది. పొర పెంకులా వచ్చింది. దాన్ని పక్కన పెట్టి ఇంకొంచెం లేపింది. అడుగున నేల గట్టిగా ఉంది. గట్టిగా ఉందంటే అలికారనా, ఎవరూ తొక్కని మట్టి అలాగే ఉండిపోయిందనా, ఆమెకి పైకి చూస్తే తెలియలేదు. అలాంటిది ముందెప్పుడూ చూడాల్సిన పని పడలేదు.

ఆమె లేచి పక్కకి వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. నవోమి వచ్చి భుజం పట్టుకుంది.

"అమ్మా, అక్కడ ఏం లేకపోతే?"

"లేకపోతే లేదు. ఆయనకి అదీ తెలియాలి కదే."

హేల్ జాన వెడల్పున నిలువుగా కోసింది. బ్రష్‌తో దులిపింది. భూతద్దం పెట్టింది. నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో ఒక గీత పెట్టింది. మరొకటి. కరుణమ్మ నిలబడినచోటు నుంచి గీతలు కనిపిస్తున్నాయి. అయిదయ్యాయి. ఆరయ్యాయి. ఒర్విల్ గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చి దుంగ పట్టుకున్నాడు. లొరేన్ ఆయన్ని ఆపలేదు.

"పదకొండు," అంది హేల్.

మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. గుమ్మం దగ్గరికి వెళ్ళి అక్కడి పొరల రంగులు వరసగా రాసుకుని, తిరిగి మూలకి వచ్చి పక్కపక్కన పెట్టి చూసింది.

"అవే పొరలు. అదే వరస. ప్రతిసారీ గుమ్మం నుంచి మంచం కింది మూల దాకా చేశారు. ఒక్కసారి తప్ప."

"ఏది తప్పింది?" అంది కరుణమ్మ.

"కింది నుంచి రెండోది. గుమ్మం దగ్గరుంది, మూలలో లేదు."

కరుణమ్మ వేళ్ళు మడిచింది. ఆడా వసంతంలో వచ్చింది, వచ్చిన కొత్తలో ఒకసారి అలికి ఉంటుంది. అయిదేళ్ళలోపు పన్నెండుసార్లు అంటే ఏడాదికి రెండు, కాస్త ఎక్కువ. రెండోది చలి రాకముందు.

ఆమె గుమ్మం దగ్గరికి వచ్చి ఒర్విల్ పక్కన నేల మీద కూర్చుంది.

"మీరు పుట్టింది నవంబర్లో అన్నారు."

"అవును."

"అప్పుడు మీ అమ్మకి ఏడో నెలో ఎనిమిదో నెలో. కడుపుతో మంచం కిందకి వంగలేకపోయింది. అందుకని ఆ ఒక్కసారి మూల వదిలేసింది. మిగతా గది మాత్రం మానలేదు. నేనూ అంతే. ఇది కడుపులో ఉన్నప్పుడు" అని నవోమిని చూపించింది, "మా ఇంట్లో మూల మా అత్తగారు అలికింది. మీ అమ్మకి ఇక్కడ అత్తగారు లేరు."

ఒర్విల్ మూలవైపు చూశాడు.

"నేను కడుపులో ఉన్నప్పుడు," అన్నాడు.

"అవును."

"తర్వాత?"

"తర్వాత పదిసార్లు అలికింది. మూలతో సహా. రేపు ఉంటామో లేదో అనుకునే మనిషి అంత పని పెట్టుకోదండీ. నడుము పడిపోతుంది. మీరు పుట్టింది ఇంట్లో."

ఆయన అరచెయ్యి గుమ్మం దగ్గర అలకని మేర మీద ఆనించాడు. కాసేపు అలాగే ఉంచాడు. నవోమి నాడి చూడటానికి వంగి, చూడకుండానే వెనక్కి జరిగింది.

"అది నేను రాయలేను," అంది హేల్ నెమ్మదిగా. "ఆవిడ వంగలేకపోయిందని. అది మీరు చెప్పగలరు, నేను రాయలేను. కానీ ఒకే పద్ధతిలో, ఒకే కొలతతో, పన్నెండుసార్లు నేల వేశారని, అందులో పదకొండుసార్లు మంచం కింది మూలతో సహా వేశారని రాస్తాను. ఇది స్థిర నివాసం అని రాస్తాను. దానికి నా దగ్గర ఆధారం ఉంది."

"బోర్డు మీద ఏముంటుంది?" అంది లొరేన్.

"బోర్డు రాసేది నేను కాదు. వాళ్ళు నా రిపోర్టు చూసి రాస్తారు. ఇల్లు అని ఉంటుంది."

ఆమె సంచిలోంచి ఒక ఫారం తీసింది. నేలలో ఏ పొర కనిపించినా ఆ ఫారంలో నమోదు చేయాలట. ఒకే రకం పొరలకి ఒక్క వరస. దేనితో వేశారు, ఎంత మందం, ఎప్పుడు, తెలిస్తే ఎవరు. పైనున్నది ముందు రాయాలి.

"పదమూడో పొర," అంది హేల్. "పశువుల పేడ, ఎర్రమట్టి, గడ్డి. జూన్ పన్నెండు, 1982. మీ పేరు చెప్పండి."

"అది కూడా రాస్తారా?"

"రాయాలి. రేపు ఇంకెవరైనా తవ్వితే ఇదెక్కడిదో తెలియక జుట్టు పీక్కుంటారు."

కరుణమ్మ పేరు చెప్పింది. హేల్ రాసింది. పెన్సిల్ కింది వరసలోకి దిగింది. ఒకటి నుంచి పన్నెండు పొరలకి కలిపి రాసుకుంది. బూడిద, బంకమట్టి, రక్తం కావచ్చు. 1890లు. ఆఖరి గడి దగ్గర పెన్సిల్ ఆగింది. ఆమె దాన్ని వదిలేసి ఫారం మడవబోయింది.

"ఎవరు అని ఉంది కదా అక్కడ," అన్నాడు ఒర్విల్.

"మిస్టర్ ప్రాట్, నా దగ్గర కాగితం ఆధారం ఏదీ లేదు."

"ఈ మేడమ్ తన పేరు తనే చెప్పింది. మీరు రాశారు. మా అమ్మ చెప్పలేదు. నేను చెబుతున్నాను."

హేల్ ఫారం మళ్ళీ విప్పి మోకాలి మీద పరిచింది. గడిలో ముందు 'కొడుకు చెప్పిన ప్రకారం' అని రాసింది.

"చెప్పండి," అంది.

ఒర్విల్ దుంగ పట్టుకుని కొంచెం నిటారుగా కూర్చున్నాడు. తల్లి పేరు ఒక్కో అక్షరం చెప్పాడు. హేల్ ఒకటి రాసేదాకా ఆగి, తర్వాతది చెప్పాడు.